ఎస్కలాంటే మట్టి రోడ్డు: ఒక దారి హక్కు వివాదం వెనుక కథ

అమెరికాలోని యూటా రాష్ట్రం దక్షిణ భాగంలో, ఎనిమిది వందల లోపు జనాభాతో ఎస్కలాంటే అనే చిన్న పట్టణం ఉంది. ఆ ఊరు దాటి తూర్పుగా ఐదు మైళ్లు వెళ్తే, 12వ నంబరు హైవే నుంచి ఒక మట్టి రోడ్డు ఆగ్నేయ దిశగా ఎడారిలోకి చీలుతుంది. దాని పేరు హోల్ ఇన్ ద రాక్ రోడ్డు. పొడవు అరవై మైళ్లకు అటూ ఇటూ. పీకబూ, స్పూకీ, జీబ్రా వంటి స్లాట్ క్యానియన్లు (నిట్టనిలువు రాతి గోడల మధ్య ఇరుకైన లోయలు) చూడాలన్నా, కయోటీ గల్చ్ లోయలో నడవాలన్నా ఎక్కువ మంది ఈ దారినే పట్టాలి. ఎండాకాలంలో అడ్డంగా గాట్లు తేలి బండిని కుదిపేసే ఈ రోడ్డు, వాన పడితే జిగట బురదగా మారి ఎంత బలమైన వాహనాన్నైనా కదలనివ్వదు. దీనికి తారు వేయాలా, ఉన్నదున్నట్టు వదిలేయాలా, అసలు దీని మీద హక్కు కౌంటీలదా (రాష్ట్రంలో మన జిల్లాల వంటి పాలనా విభాగాలు), కేంద్ర ప్రభుత్వానిదా అన్న వివాదం దశాబ్దాలుగా నలుగుతూ వచ్చింది. పైకి రోడ్డు మరమ్మతు తగువులా కనిపించినా, దీని మూలాలు 1866 నాటి ఒక చట్టంలోనూ 1879 నాటి ఒక వలస ప్రయాణంలోనూ ఉన్నాయి.

ఆ ఏడాది శరదృతువులో, యూటా కేంద్రంగా ఉన్న క్రైస్తవ శాఖ మోర్మన్ చర్చి పిలుపు మేరకు, దాదాపు 250 మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు ఎనభైకి పైగా బళ్లతో, వెయ్యికి మించిన పశువులతో శాన్ హువాన్ నదీ ప్రాంతంలో కొత్త ఊరు కట్టుకోవడానికి ఎస్కలాంటే మీదుగా బయలుదేరారు. ఆరు వారాల్లో చేరతామనుకున్న ప్రయాణానికి ఆరు నెలలు పట్టింది. కొలరాడో నది లోయ అంచుకు చేరేసరికి వాళ్ల ముందు నిట్టనిలువు కొండ, అందులో మనిషి మాత్రమే దూరగల ఒక చీలిక ఉన్నాయి. చలికాలమంతా గునపాలతో, మందుగుండుతో ఆ చీలికను వెడల్పు చేశారు. కొండను తొలచడం సాధ్యం కాని చోట, వేల్స్ బొగ్గు గనుల్లో పనిచేసి వచ్చిన బెంజమిన్ పెర్కిన్స్ ఒక ఉపాయం చెప్పాడు. రాతి గోడకు వరుసగా రంధ్రాలు వేసి, వాటిలో కర్ర మేకులు దిగగొట్టి, వాటిపై కంప, రాళ్లు, మట్టి పరిచి, బండి బయటి చక్రాలు ఆనడానికి గట్టు కట్టారు. 1880 జనవరి 26న మొదటి బళ్లు ఆ దారిన నది ఒడ్డుకు దిగాయి. ఇప్పుడు ఆ దారి అడుగు భాగం గ్లెన్ క్యానియన్ ఆనకట్ట వెనుక నిలిచిన లేక్ పావెల్ నీళ్లలో ఉంది. కానీ ఆ కొండ దాకా సాగిన బళ్ల జాడలు పశువుల కాపరుల దారిగా నిలిచి, క్రమంగా నేటి రోడ్డయ్యాయి. ఆ వలసదారుల వారసులు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు కనుక, ఇది వాళ్లకు తాతలు వేసిన బాట. ఈ సంగతి పట్టించుకోకుండా వివాదాన్ని అర్థం చేసుకోలేం.

చట్టం కథ వేరు. పశ్చిమ ప్రాంతాలకు జనాన్ని రప్పించడానికి 1866లో అమెరికా కాంగ్రెస్ చేసిన గనుల చట్టంలో, ప్రత్యేక అవసరాలకు కేటాయించని ప్రభుత్వ భూముల మీదుగా రహదారులు వేసుకోవడానికి దారి హక్కు ఇస్తూ ఒక చిన్న నిబంధన ఉంది. దరఖాస్తు, రిజిస్ట్రేషన్ వంటివేవీ అందులో అడగలేదు. తర్వాతి చట్ట సంకలనంలో దానికి వచ్చిన సంఖ్యను బట్టి అందరూ దాన్ని ఆర్‌ఎస్ 2477 అంటారు. 1976లో కాంగ్రెస్ ఈ నిబంధనను రద్దు చేసింది, కానీ అప్పటికే ఏర్పడిన హక్కులు చెల్లుతాయంది. దాంతో ఏ జాడ రోడ్డు, ఏది పశువుల బాట అన్నది ఒక్కో దారికీ కోర్టులో రుజువు చేయాల్సి వచ్చింది. 2012లో యూటా రాష్ట్రం, కౌంటీలు కలిసి వేలాది మట్టి దారులపై దావాలు వేశాయి. రోడ్డు కౌంటీది అని తేలితే దాన్ని ఎంతవరకు బాగుచేసుకోవచ్చన్నది మరో చిక్కు. పొరుగున బౌల్డర్ పట్టణం నుంచి సాగే ఇలాంటి మరో దారి బర్ ట్రెయిల్‌ను గార్‌ఫీల్డ్ కౌంటీ మెరుగుపరచబోతే పర్యావరణవాదులు 1980లలో కోర్టుకెక్కారు; చివరికి ఆ దారిలో కొంత భాగానికి తారు పడింది, క్యాపిటల్ రీఫ్ పార్కులో మట్టిగానే ఉండిపోయింది.

భూమి మీద పెత్తనం గురించి ఈ ఊళ్లకున్న అనుమానం కూడా పాతదే. 1936లో దాదాపు 7,000 చదరపు మైళ్లతో ఎస్కలాంటే నేషనల్ మాన్యుమెంట్ (కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉండే ప్రాంతం) ప్రతిపాదన వచ్చినప్పుడు పశువుల పెంపకందార్లు, రాష్ట్ర నాయకులు అడ్డుకున్నారు. 1976లో ఇక్కడి కైపారోవిట్స్ పీఠభూమి బొగ్గుతో నడవాల్సిన భారీ విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఆగిపోయినప్పుడు, దాన్ని వ్యతిరేకించిన నటుడు రాబర్ట్ రెడ్‌ఫర్డ్ దిష్టిబొమ్మను కానబ్ పట్టణంలో తగలబెట్టారు. 1996 సెప్టెంబరు 18న అధ్యక్షుడు బిల్ క్లింటన్ 17 లక్షల ఎకరాల గ్రాండ్ స్టెయిర్‌కేస్-ఎస్కలాంటే నేషనల్ మాన్యుమెంట్‌ను ప్రకటించారు. ఈ రోడ్డు ఎక్కువ భాగం అందులోంచే సాగుతుంది. ఆ ప్రకటన చేసింది యూటాలో కాదు, పొరుగు రాష్ట్రమైన అరిజోనాలోని గ్రాండ్ క్యానియన్ ఒడ్డున. అధ్యక్ష ఎన్నికలకు కొద్ది వారాల ముందు, యూటా ప్రజాప్రతినిధులకు చివరి నిమిషంలో మాత్రమే తెలిపి చేసిన ఆ పని వల్ల కొత్త బొగ్గు గని ప్రయత్నం ఆగింది. ఎస్కలాంటేలో క్లింటన్ దిష్టిబొమ్మ కట్టారు. ఆ భూమిని కాపాడాలన్న నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఆ నిర్ణయంతో రోజూ బతకాల్సిన ఊరిని అడగకపోవడం మాత్రం తప్పు, ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. 2017 డిసెంబరులో డొనాల్డ్ ట్రంప్ మాన్యుమెంట్‌ను దాదాపు సగానికి తగ్గించారు. 2021 అక్టోబరులో జో బైడెన్ తిరిగి పాత హద్దులు నిలిపారు.

తారు వేయడం గురించి ఆలోచించేవారు ఆ రోడ్డు తీసుకెళ్లేది ఎలాంటి చోటికో కూడా చూడాలి. సుమారు 26 మైళ్ల దగ్గర డ్రై ఫోర్క్ కాలిబాట మొదలవుతుంది. పీకబూ నోటి దగ్గర రాతిలో చెక్కిన గుంటల్లో చేతులూ కాళ్లూ పెట్టి పైకి ఎక్కాలి. పక్కనున్న స్పూకీలో గోడల మధ్య కొన్ని చోట్ల జానెడు సందే ఉంటుంది. వీపు మీది సంచి తీసి చేత్తో పట్టుకుని, ఛాతీ ఒక గోడకు, వీపు ఇంకో గోడకు రాసుకుంటూ పక్కవాటుగా జరగాలి. సుమారు 19 కోట్ల ఏళ్ల క్రితం గాలి పేర్చిన ఇసుక దిబ్బలు గట్టిపడి ఏర్పడిన ఈ నవాహో ఇసుకరాయిని వరదలే కోశాయి, ఇప్పటికీ కోస్తున్నాయి. తల మీద ఆకాశం నిర్మలంగా ఉన్నా, మైళ్ల దూరంలో పడిన వాన ఇలాంటి సందుల్లోకి గోడలా దూసుకొస్తుంది. 1997 ఆగస్టులో అరిజోనాలోని పేజ్ పట్టణం దగ్గర, యాంటిలోప్ క్యానియన్‌లో అలాంటి వరదకే 11 మంది పర్యాటకులు కొట్టుకుపోయారు. దారి కష్టంగా ఉండడం వల్లే ఎందరో ముందు ఊళ్లో ఆగి, వాతావరణం కనుక్కుని బయలుదేరుతున్నారు. నునుపైన రోడ్డు ఆ అడ్డును తీసేస్తుంది. అయితే ఆపదలో ఉన్నవారిని తీసుకురావడానికి వెళ్లేది కౌంటీ సిబ్బందే. వాళ్లు మంచి రోడ్డు అడగడంలో అన్యాయమేమీ లేదు.

ఈ వాదనల్లో తరచూ వెనక్కి పోయే పక్షం ఇంకొకటి ఉంది: ఈ నేల మూలవాసులు. బళ్లు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడ పంటలు పండించిన ప్యూబ్లో జాతుల పూర్వీకులవి, తర్వాతి పైయూట్‌లవి ఈ నేల మీద దారులున్నాయి. హోపీ, జూనీ, నవాహో ప్రజలకూ ఈ భూమితో బంధం ఉంది. 1866 చట్టం ఇచ్చిన దారి హక్కుల లెక్కలో వాళ్ల బాటలకు చోటు లేదు.

బైడెన్ ఉత్తర్వు మీద యూటా రాష్ట్రం, గార్‌ఫీల్డ్, కేన్ కౌంటీలు 2022లో దావా వేశాయి. 2023 ఆగస్టులో కేంద్ర న్యాయస్థానం దాన్ని కొట్టివేయగా, అవి అప్పీలుకు వెళ్లాయి. ఈ కేసు హద్దుల గురించి మాత్రమే. మాన్యుమెంట్ ప్రకటన పాత హక్కులను రద్దు చేయదు కనుక, హద్దులు ఎటు జరిగినా రోడ్ల దావాలు విడిగా తేలాల్సిందే.