కడుపునిండా తిని తాగితే లివర్‌కు ఏమీ కాదా?

తిండి మానేసి తాగేవాళ్లకే లివర్ చెడిపోతుందని, బాగా తిని తాగితే ఏమీ కాదని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఒకప్పుడు వైద్యులు నమ్మిందీ ఇదే. విపరీతంగా తాగేవారికి ఆకలి చచ్చిపోతుంది, ఒళ్లు చిక్కిపోతుంది, విటమిన్లు తగ్గిపోతాయి. అందుకని లివర్‌ను దెబ్బతీసేది పోషకాహార లోపమే తప్ప మద్యం కాదని ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాకా అనుకున్నారు.

ఈ నమ్మకాన్ని న్యూయార్క్‌లో పనిచేసిన వైద్య పరిశోధకుడు చార్లెస్ లీబర్ పరీక్షకు పెట్టారు. ఆయన బృందం బబూన్ కోతులకు ఏ పోషకానికీ లోటు లేని ఆహారాన్ని, దానితోపాటు మద్యాన్ని ఏళ్ల తరబడి ఇచ్చింది. 1970ల మధ్యలో ఫలితాలు బయటికొచ్చాయి. తిండికి కొరత లేకపోయినా కోతుల లివర్లలో కొవ్వు పేరుకుంది, కొన్నింటిలో వాపు వచ్చింది, మరికొన్నింటిలో అది లివర్ మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్ దాకా వెళ్లింది. ఆ ప్రయోగాల మీద వాదోపవాదాలు నడిచాయి గానీ, మద్యం దానంతట అదే లివర్‌కు విషమన్న సంగతి మాత్రం నిలబడింది. ముందు తింటే మద్యం రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, అంతే. అందులో చాలా భాగాన్ని విరగ్గొట్టే పని ఎలాగూ లివర్‌దే.

ఆ పని జరిగే తీరులోనే హాని ఉంది. లివర్ కణాల్లోని ఒక ఎంజైమ్ ఆల్కహాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది ఆల్కహాల్ కన్నా చెడ్డది. ప్రోటీన్లకు, డీఎన్ఏకు అతుక్కుని వాటిని పాడు చేస్తుంది. మరో ఎంజైమ్ దాన్ని అసిటేట్‌గా మార్చేస్తే గండం గడుస్తుంది. కానీ ఈ రెండు మెట్లలోనూ కణం లోపలి రసాయన సమతూకం చెదిరి, కొవ్వును కాల్చే పని మందగిస్తుంది, కొవ్వు తయారీ పెరుగుతుంది. ఫ్యాటీ లివర్ ఇలా మొదలవుతుంది. ఎక్కువగా తాగేవారిలో నూటికి తొంభై మందికి పైగా ఈ దశ కనిపిస్తుంది.

రోజూ తాగేవారిలో ఆల్కహాల్‌ను విరగ్గొట్టే రెండో వ్యవస్థ కూడా జోరందుకుంటుంది. "ఎంత తాగినా తూలడు" అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకునేది కొంత దీనివల్ల, కొంత మెదడు అలవాటు పడటం వల్ల. అది లివర్ గట్టిగా ఉందనడానికి గుర్తు కానే కాదు. ఈ రెండో వ్యవస్థ పనిచేసేటప్పుడు కణాలను గాయపరిచే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. పారాసిటమాల్‌ను విషపదార్థంగా మార్చేదీ ఇదే కాబట్టి, ఎక్కువగా తాగేవారు ఆ మాత్రను డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

మద్యం పేగుల గోడను కూడా వదులు చేస్తుంది. అక్కడి బ్యాక్టీరియా శకలాలు పేగుల నుంచి రక్తాన్ని తెచ్చే పోర్టల్ సిర గుండా లివర్‌కు చేరతాయి. లివర్‌లో కాపలా ఉండే రోగనిరోధక కణాలు వాటి మీద విరుచుకుపడతాయి, వాపు మొదలవుతుంది. అప్పటిదాకా విటమిన్ 'ఎ'ను దాచుకుని మౌనంగా ఉన్న స్టెలేట్ కణాలు స్వభావం మార్చుకుని కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులను అల్లడం మొదలుపెడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తని కణజాలం స్థానంలో గట్టి మచ్చలు పరుచుకుంటాయి. దీని ముదిరిన రూపమే సిర్రోసిస్. ఇక లివర్ గుండా రక్తం సాఫీగా పారదు. కాలువకు అడ్డుకట్ట పడితే నీళ్లు పక్క బోదెల్లోకి ఎక్కినట్టు, రక్తం అన్నవాహిక సిరల్లోకి మళ్లుతుంది. ఉబ్బిన ఆ సిరలు పగిలితే రక్తపు వాంతులే. పొట్టలో నీరు చేరడం, మనిషి మగతలోకి జారి తికమకగా మాట్లాడటం ఈ దశలోనివే.

ఇంత జరుగుతున్నా లివర్ నొప్పి చెప్పదు. నొప్పి తెలిసేది దాని పైపొరకే, లోపలి కణజాలానికి తెలియదు. ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు బాగుందని ఊరట చెందడం కూడా పొరపాటే. సిర్రోసిస్ ఉన్నా అది మామూలుగా ఉండవచ్చు. రక్తపరీక్షలో కొలిచే లివర్ ఎంజైమ్‌లలో ఏఎస్‌టీ విలువ ఏఎల్‌టీకి రెట్టింపు దాటడం, ప్లేట్‌లెట్లు తగ్గడం అనుమానించాల్సిన సూచనలు. లివర్ ఎంత గట్టిపడిందో ఫైబ్రోస్కాన్ నొప్పి లేకుండా అంచనా వేస్తుంది.

ఏళ్ల తరబడి ఎక్కువగా తాగేవారిలో సిర్రోసిస్ వచ్చేది నూటికి పది నుంచి ఇరవై మందికి. స్త్రీలకు తక్కువ తాగినా ముప్పు ఎక్కువ. ఊబకాయం, హెపటైటిస్ సి, పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు కూడా ముప్పును పెంచుతాయి. జీవితమంతా తాగి ఎనభై ఏళ్లు బతికిన ఒక మనిషిని చూపించి ధైర్యం తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకో అపోహ ప్రాణాల మీదకి తెస్తుంది. "తాగుడు మానేశాకే కామెర్లు వచ్చాయి, మానడమే తప్పయింది" అంటారు. నిజానికి ఆల్కహాలిక్ హెపటైటిస్, అంటే మద్యం వల్ల లివర్‌కు వచ్చే వాపు, తాగుడు మానేసిన కొన్ని వారాల తరువాత కూడా బయటపడగలదు. చాలాసార్లు ఒంట్లో బాగాలేకే మానేసి ఉంటారు, జబ్బు అప్పటికే లోపల ఉంటుంది. ఇందులో తీవ్రమైన రకం వారాల్లోనే ప్రాణం తీయగలదు. మళ్లీ తాగడం దానికి మందు కాదు.

మానేస్తే ఫలితం కచ్చితంగా ఉంటుంది. ఫ్యాటీ లివర్ దశలో అయితే సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో కొవ్వు కరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పారిస్‌లో వైన్‌కు రేషన్ పెట్టినప్పుడు సిర్రోసిస్ మరణాలు బాగా తగ్గాయి, రేషన్ ఎత్తేశాక మళ్లీ పెరిగాయి. ముదిరిన సిర్రోసిస్‌లోనూ పూర్తిగా మానేసిన కొందరికి పొట్టలో నీరు తగ్గి, లివర్ మార్పిడి అవసరం తప్పిపోతుంది. తాగేవాడిని కాపాడలేని తిండి ఈ దశలో చికిత్సలో భాగం అవుతుంది: ప్రోటీన్ తగ్గించకుండా, ఉప్పు తగ్గించి, పడుకునే ముందు కూడా కొంచెం తినమంటారు.

అయితే ఏళ్లుగా రోజూ తాగుతున్న మనిషిని ఇంట్లో గది తలుపు వేసి ఉన్నపళంగా మాన్పించకూడదు. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు, ఆ తరువాత లేనివి కనిపించే ప్రమాదకరమైన మతిభ్రమణ స్థితి రావచ్చు. డాక్టరు కనుసన్నల్లో మానాలి, థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి. తాగాలన్న కోరికను తగ్గించే మందులున్నాయి గానీ, లివర్ బాగా దెబ్బతిన్నవారికి డైసల్ఫిరామ్ పనికిరాదు. అలాంటివారిలో బాక్లోఫెన్‌ను పరీక్షించి ఉపయోగం చూశారు.

లివర్ మార్పిడికి ముందు ఆరు నెలలు తాగకుండా ఉండాలన్న నిబంధన చాలాకాలం గట్టిగా నడిచింది. తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ రోగుల్లో చాలామంది ఆ ఆరు నెలలు బతకరు. ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులకు అంతకాలం ఆగకుండానే మార్పిడి చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత మార్పిడి జరిగినవారిలో 77 శాతం మంది బతికున్నారు, అలాంటి స్థితిలోనే ఉండి మార్పిడి జరగనివారిలో 23 శాతం మందే. అప్పటినుంచి చాలా కేంద్రాలు ఆ నిబంధనను సడలించి, ఇంట్లోవాళ్ల అండ ఎంత ఉంది, మళ్లీ తాగే అవకాశం ఎంత అన్నది మానసిక వైద్యులతో కలిసి తేలుస్తున్నాయి.