దారి మార్చుకునే ఫిరంగి గుండు

సముద్రానికి 3 మీటర్ల ఎత్తులో వచ్చే క్షిపణి, 20 మీటర్ల ఎత్తున రాడార్ ఉన్న నౌకకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో గానీ కనబడదు. అంతవరకూ భూమి వంపు దాన్ని దాచేస్తుంది. సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తుంటే నౌకకు మిగిలేది 80 సెకన్ల పైచిలుకు. వేగం మూడింతలైతే అర నిమిషం కూడా ఉండదు.

ఈ కొద్ది సమయంలో మామూలు గుండుతో కొట్టడం ఎందుకు కష్టం? గురి సరిగ్గానే ఉండొచ్చు, చిక్కంతా గుండు గాల్లో గడిపే సమయంతోనే. 76 మి.మీ. గుండుకు 3 కిలోమీటర్లు చేరడానికి దాదాపు 4 సెకన్లు పడుతుంది. ఆలోగా క్షిపణి భూమ్యాకర్షణకు సమానమైన త్వరణంతో పక్కకు ఒరిగినా 78 మీటర్లు జరిగిపోతుంది. గుండు పేలినప్పుడు ముక్కలు గట్టిగా పనిచేసేది మాత్రం కొద్ది మీటర్ల వరకే.

ఇటలీకి చెందిన ఓటో మెలారా దీనికి కనుగొన్న జవాబు డార్ట్ గుండు, దాన్ని నడిపించే స్ట్రాలెస్ వ్యవస్థ. పేల్చేది నిమిషానికి 120 గుండ్లు కాల్చే 76 మి.మీ. సూపర్ ర్యాపిడ్ గన్. ఈ కుటుంబానికే చెందిన గన్ మన ఐఎన్ఎస్ విశాఖపట్నం మీదా ఉంది. ఆ గన్‌ను హరిద్వార్‌లో బీహెచ్ఈఎల్ తయారు చేస్తుంది.

డార్ట్ గుండు గన్ గొట్టం కన్నా సన్నం. గొట్టంలో ఖాళీని నింపేందుకు చుట్టూ ఉన్న సాబో అనే తొడుగు గొట్టం దాటగానే ఊడిపోతుంది. తేలికైన సన్నటి గుండు కాబట్టి సెకనుకు 1,200 మీటర్ల వేగంతో బయలుదేరి, 5 కిలోమీటర్లను సుమారు 5 సెకన్లలో దాటుతుంది. ముందు భాగంలోని చిన్న రెక్కలు దారి మళ్లిస్తాయి. వెనుక భాగంలో పేలుడు పదార్థం, లక్ష్యం దగ్గరపడగానే దాన్ని పేల్చే ఫ్యూజ్, కదలని తోక రెక్కలు ఉంటాయి. ముందు భాగం వెనుకదానితో సంబంధం లేకుండా తిరగగలదు.

నాకు అన్నిటికన్నా తెలివైన ఏర్పాటుగా అనిపించేది మరొకటి. లక్ష్యాన్ని వెతికే కన్ను గుండులో లేదు, నౌకలోనే ఉంది. గన్ మీదే అమర్చిన రాడార్ క్షిపణి వైపు సన్నటి కిరణం పంపుతుంది. గుండు వెనుక ఉన్న రిసీవర్ ఆ కిరణంలో తానెక్కడున్నదీ గ్రహించి మధ్యకు జరుగుతుంది. వరసగా కాల్చిన గుండ్లన్నీ ఒకే కిరణాన్ని పట్టుకుని వెళ్లగలవు. ఖరీదైన పరికరాలు గుండుతో పాటు కాలిపోవు.

గుండులో మిగిలిన కాస్త ఎలక్ట్రానిక్స్‌ను బతికించడమూ చిన్న పని కాదు. సుమారు 4.7 మీటర్ల గొట్టంలో సున్నా నుంచి 1,200 మీటర్ల వేగానికి చేరాలంటే సగటు త్వరణం భూమ్యాకర్షణకు 15,000 రెట్లు దాటుతుంది. 10 గ్రాముల భాగం ఆ క్షణంలో 150 కిలోల బరువుతో తన ఆధారాన్ని నొక్కుతుంది. అందుకే ఇలాంటి గుండ్లలో సర్క్యూట్లను రెసిన్‌ పోసి గట్టిగా బిగిస్తారు.

ఇబ్బందులు లేకపోలేదు. దూరం పెరిగే కొద్దీ కిరణం వెడల్పవుతుంది, పొరపాటూ పెరుగుతుంది. కిరణం క్షిపణి మీదే నిలిచి ఉండాలి కాబట్టి, ఒక రాడార్‌తో ఒకసారి ఒక దిక్కునే కాపాడగలం. జోరు వాన ఈ రాడార్ వాడే మిల్లీమీటర్ తరంగాలను బలహీనపరుస్తుంది. నీటి ఉపరితలం అద్దంలా క్షిపణి ప్రతిబింబాన్ని రాడార్‌కు చూపి గందరగోళపెడుతుంది. అలలకు దగ్గరగా ఎగిరేటప్పుడు ఫ్యూజ్ నీటినే లక్ష్యమనుకుని ముందే పేలకుండా జాగ్రత్తపడాలి.

కొట్టడంతోనే పని అయిపోదు. సెకనుకు 900 మీటర్ల వేగంతో వస్తున్న క్షిపణిని 500 మీటర్ల దగ్గర పేల్చినా, దాని ఇంజిన్, మిగిలిన ఇంధనం, ముక్కలు అదే జోరుతో అర సెకను దాటగానే నౌక మీద పడతాయి. కాబట్టి తొలి గుండు కనీసం రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే దాన్ని అందుకోవాలి.