ఆక్సిజన్ మిషన్, 300 యూనిట్ల గీత: ఈ గొడవ ఎక్కడ మొదలైంది

ఊరి సచివాలయం బయట ప్రభుత్వ పథకాల అనర్హుల జాబితా అతికించిన ప్రతిసారీ ప్రకాశం, నెల్లూరు ఊళ్లలో ఒకటే గొడవ. "మాకేం ఏసీలున్నాయా, కార్లున్నాయా? మూడొందల యూనిట్లు ఎక్కడ కాల్చాం?" అని. కరెంటు వాడకం నెలకి సగటున 300 యూనిట్లు దాటితే ఆ ఇంటికి పథకాలు రావు. కొందరి విషయంలో అది మ్యాపింగ్ తప్పే. అద్దెకున్న ఇంటి ఓనరు మీటరో, ఎప్పుడో వేరుపడ్డ తమ్ముడి మీటరో వీళ్ల ఆధార్‌కి తగులుకుని ఉంటుంది. దానికి దారి ఉంది, అర్జీ పెట్టి తిరిగితే సరిచేస్తారు. ఈ కథనం వాళ్ల గురించి కాదు. రీడింగ్ నిజంగానే 300 దాటి, ఇంట్లో ఏసీ మాత్రం లేని వాళ్ల గురించి. ఆ ఇళ్లలో మంచం పక్కన ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంటుంది. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది.

ఆ మిషన్లు మన ఇళ్లలోకి ఎలా వచ్చాయో మళ్లీ చెప్పక్కర్లేదు. 2021 ఏప్రిల్, మే నెలల కోవిడ్ రెండో వేవ్ ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు కేంద్రం దిగుమతి పన్ను తగ్గించింది, ఆ జూన్‌లో వ్యాపారుల మార్జిన్‌కి 70 శాతం పరిమితి పెట్టింది. వేవ్ పోయింది, మిషన్లు మిగిలాయి. పొగాకు బ్యారన్ల దగ్గర, పలకల గనుల్లో, సైదాపురం వైపు మైకా గనుల్లో బతుకు వెళ్లదీసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న వాళ్లకి అవే ఆధారమయ్యాయి. అంతకుముందు వీళ్లకి సిలిండరే గతి. 7,000 లీటర్ల పెద్ద సిలిండరు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే రెండున్నర రోజులకి ఖాళీ. ఒంగోలుకో, నెల్లూరుకో ఆటోలో వేసుకెళ్లి నింపించుకు రావాలి. మిషన్ వచ్చాక ఆ తిరుగుడు తప్పింది. గాలిని లోపలికి లాగి, నైట్రోజన్‌ని వడకట్టి, ఆక్సిజన్‌ని ముక్కు గొట్టంలోకి వదులుతుంది. సిలిండరు నింపుడికి పెట్టే ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు, వచ్చి కరెంటు మీటరులో కూర్చుంది.

ఇంట్లో వాడే వైద్య పరికరాలన్నీ ఇలా ఉండవు. మందుని ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ రోజుకి రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషాలు వాడతారు, బిల్లులో కనపడదు. నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టుకునే సీప్యాప్ రాత్రంతా నడిచినా అర యూనిట్ చుట్టుపక్కలే. పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు పంపు నెలంతా ఆపకుండా తిరిగినా ఐదారు యూనిట్లు. అసలు బరువు కాన్సంట్రేటర్‌దే. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే మిషన్ 300 నుంచి 350 వాట్లు లాగుతుంది, పది లీటర్లది 550 నుంచి 600. రెండు లీటర్ల మీదే పెట్టుకున్నాం కదా, కరెంటు తక్కువ కాలుతుందిలే అనుకుంటారు చాలామంది. లోపల కంప్రెసర్ ఎలాగూ తిరగాల్సిందే, చాలా మిషన్లలో పెద్ద తేడా రాదు. పైగా తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. రోహిణి కార్తెలో తలుపులేసిన గదిలో ఆ మిషన్ పక్కన ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది, రెండో ఫ్యాను ఎందుకు పెట్టారో.

లెక్క మా ఇంటిదే చెప్తాను. మా పెదనాన్న మార్కాపురం పలకల గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. చివరి ఏడాది మిషన్ మీదే ఉన్నారు, రోజుకి 18 గంటలు. 350 వాట్ల మిషన్ 18 గంటలు తిరిగితే 6.3 యూనిట్లు, నెలకి 189. మిషన్ రాకముందు రెండు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్, లైట్లు కలిపి ఆ ఇంటి వాడకం 130 యూనిట్లు. వచ్చాక 319.

130 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 447 రూపాయలు. 319 యూనిట్లకి 1,839 రూపాయల 50 పైసలు. వాడకం రెండున్నర రెట్లు పెరిగితే బిల్లు నాలుగు రెట్లు దాటింది. దీనికి కారణం స్లాబులు. 2022 ఏప్రిల్‌లో విద్యుత్ నియంత్రణ మండలి అంతకుముందున్న ఏ, బీ, సీ గ్రూపులు తీసేసి అందరికీ ఒకే మెట్ల పద్ధతి తెచ్చింది. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. కింది మెట్లు ఫ్యాను, లైటుకే అయిపోతాయి. ఆక్సిజన్ ఎప్పుడూ పై మెట్ల మీదే కాలుతుంది. మొదటి 130 యూనిట్లు ఆ ఇంటికి సగటున మూడున్నర రూపాయలకి పడితే, మిషన్ కాల్చిన ఒక్కో యూనిట్ ఏడు రూపాయల పైన పడింది. కరెంటు పంచే కంపెనీలు, అంటే డిస్కంలు, వేరు: ఒంగోలు బిల్లు మీద సీపీడీసీఎల్ అని ఉంటుంది, నెల్లూరు బిల్లు మీద ఎస్పీడీసీఎల్ అని ఉంటుంది. రేటు రెండు చోట్లా ఒకటే.

దీని మీద సర్దుబాటు చార్జీలు. పాత సంవత్సరాల ఇంధనం, కొనుగోలు ఖర్చుల కింద 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు వినియోగదారుల నుంచి వసూలు చేసుకోవడానికి 2024 చివర్లో మండలి అనుమతిచ్చింది. అవి యూనిట్ల లెక్కన పడతాయి. ఎక్కువ యూనిట్లు కాల్చిన ఇంటికి ఎక్కువ. ఎందుకు కాల్చారని ఎవరూ అడగరు.

ఇదంతా బిల్లు బాధ. దీన్ని జనం ఎలాగో భరిస్తున్నారు, అప్పో సప్పో చేసి కడుతున్నారు. జాబితా గొడవకి మూలం మాత్రం ఇది కాదని నా అభిప్రాయం. అది తెలియాలంటే మిషన్లు రాకముందుకు, 2019 నవంబరుకి వెళ్లాలి.

ఆ నెలలో అప్పటి ప్రభుత్వం నవశకం పేరుతో ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. బియ్యం కార్డుకి, పెన్షన్‌కి ఎవరు అర్హులో కొత్తగా తేల్చింది. పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 లోపు ఆదాయం, ఇంత లోపు భూమి, నాలుగు చక్రాల బండి లేకపోవడం, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి లేకపోవడం, ఆదాయపు పన్ను కట్టకపోవడం. వాటితో పాటు ఇంకొకటి: కరెంటు వాడకం నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు. తర్వాత దీనికే ఆరు దశల పరిశీలన అని పేరొచ్చింది.

అప్పుడు ఈ షరతు మీద పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటానికి కారణం కూడా కనపడలేదు. ఆదాయం కాగితాల మీద దాచొచ్చు, మీటరు రీడింగ్ దాచలేం. 300 యూనిట్లు కాల్చే ఇంట్లో ఏసీ ఉండి తీరుతుంది, ఏసీ ఉన్న ఇంటికి రేషన్ బియ్యం ఎందుకు? అధికారుల వాదన ఇప్పటికీ ఇదే. అందులో న్యాయం లేదని నేను అనను. మేడలున్న వాళ్లు తెల్ల కార్డులు పెట్టుకుని తిరగడం మనమంతా చూశాం.

కానీ ఆ లెక్క వేసినప్పుడు పల్లెటూరి పేద ఇంట్లో రోజంతా తిరిగే ఆక్సిజన్ మిషన్ అనేది ఊహలో కూడా లేదు. పద్దెనిమిది నెలలు తిరక్కుండానే ఆ మిషన్ వచ్చింది. షరతు మాత్రం మారలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, పెన్షన్ పెరిగింది, మంచాన పడ్డ వాళ్లకి 15,000, డయాలసిస్ వాళ్లకి 10,000 ఇస్తున్నారు. సంతోషం. 300 గీత మాత్రం ఉన్నచోటే ఉంది. 2025 జూన్‌లో, బడి పిల్లల తల్లులకి డబ్బిచ్చే తల్లికి వందనం పథకం జాబితాలు వచ్చినప్పుడు అదే గీత, 12 నెలల సగటు లెక్కతో. అంటే ఇంట్లో తాత ఊపిరి పీల్చుకోవడానికి కాలిన కరెంటు, మనవరాలి బడి డబ్బుకి అడ్డుపడుతుంది.

మా అన్నావాళ్లకి జరిగింది అదే. పెదనాన్న పోయింది ఆ వేసవిలో. పదకొండు నెలలు మిషన్ నడిచింది, ఒక నెల నడవలేదు. పదకొండు నెలలు 319, ఒక నెల 130. పన్నెండుతో భాగిస్తే 303. జాబితాలో అన్న కూతుళ్లిద్దరి పేర్ల ఎదురుగా అదే అంకె ఉంది. ఒక్కో పిల్లకి తల్లి ఖాతాలో పడాల్సింది 13,000. ఆ రోజుకి మిషన్ ప్లగ్ తీసేసి, గుడ్డ కప్పి, మూల పెట్టేసి ఉంది. గోడ మీద ఫోటోకి దండ ఇంకా వాడలేదు.

లైన్‌మన్‌ని పిలిస్తే వచ్చాడు. మంచివాడు. మీటరు చూశాడు, సీలు చూశాడు, పాత రీడింగులన్నీ తీశాడు. "రీడింగ్ కరెక్టే అన్నా, నేనేం రాయను?" అన్నాడు. అర్జీ పెట్టడానికి వెళ్తే మీటరు మీది కాదంటారా, రీడింగ్ తప్పంటారా అని అడిగారు. రెండూ కాదు. మీటరు వాళ్లదే, రీడింగూ నిజమే. మా వదిన డాక్టరు చీటీ తీసి చూపించింది, రోజుకి ఇన్ని గంటలు ఆక్సిజన్ పెట్టాలని రాసిన చీటీ. దాన్ని ఎక్కడ జత చేయాలో అక్కడున్న వాళ్లకి తెలియలేదు. వాళ్లని తప్పు పట్టలేం, వాళ్ల కంప్యూటర్‌లో దానికి చోటు లేదు.

ఆ గంటల మాట కొంచెం చెప్పుకోవాలి. సీఓపీడీ అంటే ఊపిరి గొట్టాలు మూసుకుపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన సీఓపీడీ రోగులకి రోజుకి కనీసం 15 గంటలు పెట్టాలని డాక్టర్లు ఊరికే చెప్పరు. 1980, 1981ల్లో అమెరికాలో ఒకటి, బ్రిటన్‌లో ఒకటి, రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. బ్రిటన్ పరీక్షలో రోజుకి 15 గంటలు పెట్టిన వాళ్లు అసలు పెట్టని వాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారు. అమెరికాలో దాదాపు రోజంతా పెట్టిన వాళ్లు, రాత్రిపూట మాత్రమే పెట్టిన వాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారు. కాబట్టి గంటలు తగ్గించుకోవడం అంటే ఫ్యాను ఆపుకోవడం లాంటిది కాదు. 350 వాట్ల మిషన్ 15 గంటలే నడిపినా నెలకి 157 యూనిట్లు. గీత లోపలే ఉండాలంటే మిగతా ఇల్లంతా 143తో సరిపెట్టుకోవాలి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో వేసవిలో అది సాధ్యమా? నెల్లూరు, ఒంగోలు ఎండలు తెలిసిన వాళ్లే చెప్పాలి.

ఇక కరెంటు పోతే వేరే కథ. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు, ప్రకాశం తీరాన్ని ఊపేసి బాపట్ల దగ్గర తీరం దాటింది. మిషన్ ఉన్న ఇంటికి అలాంటి రాత్రి పెద్ద టెన్షన్. మామూలు 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టరు మీద ఈ మిషన్ మూడు నాలుగు గంటలకి మించి నడవదు. తర్వాత మళ్లీ సిలిండరే. ఆ బ్యాటరీ తిరిగి చార్జ్ అవడానికి కాలే కరెంటూ అదే మీటరులో పడుతుంది.

ఇది పరిష్కారం లేని చిక్కేమీ కాదు. దక్షిణాదిలోనే ఉన్న కేరళలో విద్యుత్ బోర్డు ఒక పద్ధతి పెట్టింది. ఇంట్లో ప్రాణాధార పరికరాలు వాడే రోగి ఉంటే ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్, 200 రూపాయల స్టాంపు పేపరు మీద హామీ ఇవ్వాలి. ఆ పరికరం నెలకి ఎన్ని యూనిట్లు తీసుకుంటుందో అసిస్టెంట్ ఇంజినీరు లెక్క కడతాడు. ఆ యూనిట్లు ఉచితం. ఆరు నెలలకోసారి మళ్లీ సర్టిఫికెట్ పెట్టాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, గొంతులో కఫం లాగే సక్షన్ మిషన్, గాలి పరుపు అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కాన్సంట్రేటర్ కాల్చిన కరెంటు డబ్బు రోగికి తిరిగి ఇస్తారు. కాలిఫోర్నియాలో ఇలాంటి ఇళ్లకి అతి తక్కువ రేటు స్లాబులో అదనపు యూనిట్లు కలుపుతారు. ఇక్కడ మనకీ ఈ రకం లెక్క కొత్త కాదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 200 యూనిట్ల వరకు ఉచితం, సెలూన్లకి ఉచిత యూనిట్లు, చేనేతలకి ఉచిత యూనిట్లు. ఎవరు, ఎందుకు వాడుతున్నారో చూసి యూనిట్లు తీసేయడం మన డిస్కంలకి చేతనైన పనే. ఆ ఇంటి 319లో మిషన్ 189 పక్కన పెడితే మిగిలేది 130. బిల్లు, జాబితా రెండూ అక్కడితో తేలిపోతాయి.

అన్న ఆ మిషన్‌ని అమ్మలేదు. మా వీధి చివర ఒకామెకి ఇచ్చేశాడు. పొయ్యి పొగతో ఊపిరితిత్తులు పాడైన మనిషి, కొడుకు తాపీ పని చేస్తాడు, మనవడు బడికి పోతున్నాడు. మొన్న రీడింగ్ తీసే అబ్బాయి వస్తే, ఆమె గొట్టం ముక్కుకి పెట్టుకునే గడప దాకా వచ్చింది. 284 అన్నాడు. నెల తిరగడానికి ఇంకా నాలుగు రోజులుందని తెలిసి, కొడుకుని పిలిచి అడిగింది: "అయ్యా, ఈ నాలుగు రోజులూ నేను ఎన్ని గంటలు పెట్టుకోవచ్చో చూసి చెప్పు."