మార్ట్ లార్, ఒకే రేటు పన్ను: ఫార్వర్డ్‌లలో అపోహలు, అసలు వాస్తవాలు

జూలై వచ్చిందంటే మా ఆఫీసులో రిటర్నుల హడావిడి. ఫారం 16 చేతిలో పెట్టి, ఫోన్‌లో ఫార్వర్డ్ చూపించేవాళ్లు ఏటా ఉంటారు: "ఎస్టోనియాలో ఒకే రేటు పన్నట సార్, ఒక్కాయన రాత్రికి రాత్రే తెచ్చేశాడట." ఆ ఒక్కాయన ఎస్టోనియా మాజీ ప్రధాని మార్ట్ లార్. ఒకే రేటంటే శ్లాబులు లేకుండా, ఆదాయం ఎంతైనా ఒకే శాతం పన్ను. ఆయనంటే నాకు గౌరవం, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఆయన పేరుమోసిన ఆర్థికవేత్త.
వాస్తవం: చదివింది చరిత్ర, చెప్పిందీ చరిత్ర పాఠాలే. 1992 అక్టోబరులో ప్రధాని అయ్యేనాటికి వయసు 32. సోవియట్ యూనియన్ నుంచి దేశం బయటపడి అప్పటికి ఏడాదే.

అపోహ: సొంత కరెన్సీ క్రూన్ ఆయన తెచ్చిందే.
వాస్తవం: క్రూన్ 1992 జూన్ 20నే వచ్చింది. అప్పటి ప్రధాని టీట్ వాహి, కేంద్ర బ్యాంకు అధిపతి సీమ్ కల్లాస్. ఒక జర్మన్ మార్కుకు 8 క్రూన్లని మారకం రేటును స్థిరంగా కట్టేశారు. లార్ దాన్ని చెదరనివ్వలేదు.

అపోహ: ఒకే రేటంటే పేదకూ ధనికుడికీ ఒకే భారం.
వాస్తవం: 1994 జనవరి 1 నుంచి రేటు 26 శాతం. అయితే కొంత ఆదాయానికి మినహాయింపు ఉంచారు. లెక్క కోసం మినహాయింపు 500 అనుకోండి. 1,000 జీతగాడికి పన్ను 130, అంటే 13 శాతం. 10,000 జీతగాడికి 2,470, అంటే 24.7 శాతం. రేటు ఒకటే, భారం ఒకటి కాదు. ఉద్యోగి పెన్షన్, వైద్యం కోసం యజమాని వేరుగా కట్టే 33 శాతం సామాజిక పన్ను సంగతి ఏ ఫార్వర్డ్‌లోనూ కనపడదు.

అపోహ: అక్కడ కంపెనీలకు పన్నే లేదు.
వాస్తవం: నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. లార్ రెండోసారి ప్రధానిగా ఉండగా, 2000 నుంచి పద్ధతి మారింది. లాభం కంపెనీలోనే ఉంచితే పన్ను లేదు, పంచితే ఉంది. ఇప్పటి 22 శాతం రేటుతో చూస్తే, 100 యూరోల లాభంలో వాటాదారుకు 78, ఖజానాకు 22. పన్ను వాయిదా పడుతుందే గానీ మాఫీ కాదు. అక్కడ కంపెనీ పెడతామనేవాళ్లకు ఒక మాట: మీరు పన్ను చట్టం ప్రకారం భారత్‌లో సాధారణ నివాసి అయితే ఆ డివిడెండ్ (మీకు పంచిన లాభం) ఇక్కడి రిటర్నులో చూపాల్సిందే.

అపోహ: జనం ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారు.
వాస్తవం: 1994 ఆగస్టు 31న రష్యా సైన్యం ఎస్టోనియా వదిలి వెళ్లింది. నెల తిరక్కముందే, క్రూన్ రాకతో చలామణి నుంచి తీసేసిన పాత సోవియట్ రూబుళ్ల అమ్మకం వివాదంలో, పార్లమెంటు అవిశ్వాసంతో ఆయన్ను దించేసింది. 1999లో మళ్లీ ప్రధాని అయి 2002 దాకా ఉన్నారు. 2011లో రక్షణ మంత్రి. మరుసటి ఏడాది పక్షవాతం రావడంతో ఆ పదవి వదులుకున్నారు.

తర్వాతి ప్రభుత్వాలు రేటును తగ్గించాయి, పెంచాయి. శ్లాబులు మాత్రం మళ్లీ తేలేదు.