చుట్టాలొచ్చే రోజు కోసం ఇల్లు కొనకండి: అపోహలు - వాస్తవాలు

ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. కట్టి ఉన్న ఇల్లు కొనేవాళ్లో, అద్దెకు దిగేవాళ్లో ఒక్కసారి వచ్చి చూడమంటే వెళ్తుంటాను కూడా. గుమ్మంలోనే ఒక ప్రశ్న అడుగుతాను: మామూలు పనిదినం నాడు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీ ఇంట్లో ఎవరెవరు ఏ గదిలో ఎంతసేపు ఉంటారు? ఎన్ని బెడ్‌రూములు కావాలో, టైల్స్ ఏ రంగువి కావాలో టక్కున చెప్పేవాళ్లు దీనికి మాత్రం తడుముకుంటారు. ఇల్లంతా చుట్టాలతో నిండిన రోజు ఎలా ఉండాలో మాత్రం కళ్లకు కట్టినట్టు ఊహించుకుని ఉంటారు. ఏడాదిలో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటి ఎంపికలో చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

అపోహ: ఇల్లు ఎంత పెద్దదైతే అంత హాయి

ఇల్లు పెద్దదైనంత మాత్రాన మనం మసలే చోటు పెద్దదవదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో 32 కుటుంబాల ఇళ్లకు వెళ్లి, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో వరుసగా రాసుకున్నారు. అన్నీ ఇంటి పెద్దలిద్దరూ ఉద్యోగం చేసే, పిల్లలున్న ఇళ్లే. మనుషులు మళ్లీమళ్లీ చేరింది వంటగది పరిసరాలకు, టీవీ ఉన్న చోటుకు. ఎంతో ముచ్చటపడి తీసుకున్న పెరళ్లు చాలావరకు బోసిగానే ఉన్నాయి. నేను ప్లాన్లు గీసిన ఇళ్లకు తర్వాత వెళ్లినప్పుడు కూడా ఇంచుమించు ఇదే చూస్తాను. వాడని గది ఊరికే ఉండదు. దాన్ని ఊడవాలి, తుడవాలి, చెద పట్టకుండా చూసుకోవాలి. పైగా ఖాళీ గది కనబడగానే ఇంట్లో పారేయలేని సామానంతా అందులోకి చేరుతుంది.

అలాగని చిన్న ఇల్లే మంచిదని నేను అనను. ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఇళ్ల పథకానికి ఒక వంటగది గీశారు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తోంది, చెయ్యి ఎంత దూరం చాపుతోంది అని చూసి ప్రతి అరనూ అమర్చారు. అలాంటివి దాదాపు 10,000 ఇళ్లలో పెట్టారు. ఒక్కరే వండుకునే ఇంటికి దానికి వంక పెట్టలేం. ఇద్దరు కలిసి వండాలన్నా, పక్కన పిల్లలు కూర్చుని హోంవర్క్ చేసుకోవాలన్నా చోటు చాలదు. వండే మనిషిని మిగతా ఇంటికి దూరం చేసిందన్న విమర్శ తర్వాత వచ్చింది కూడా. కాబట్టి వంటగది ఎంత ఉండాలన్నదానికన్నా, అందులో ఒకేసారి ఎంతమంది నిలబడతారన్నది ముందు తేల్చుకోవాలి.

గదుల విషయంలో కొలత కన్నా తలుపులు ఎక్కడ పడ్డాయో చూడటం ముఖ్యం. మూడు గోడలకూ తలుపులున్న గది కాగితం మీద పెద్దగానే కనిపిస్తుంది, వాడుకలో మాత్రం నడవా అయిపోతుంది. మీ మంచం, బీరువా, సోఫా కొలతలకు పాత పేపర్లు కత్తిరించి పట్టుకెళ్లి నేల మీద పరచండి. మంచం పక్కన కనీసం 60 సెంటీమీటర్ల దారి మిగలాలి. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. పేపర్లు పరచగానే సగం మంది మనసు మార్చుకుంటారు.

అపోహ: మోడల్ ఫ్లాట్ బాగుంటే మన ఫ్లాట్ కూడా అలాగే ఉంటుంది

పై పటారం చూసి మోసపోవద్దు. మోడల్ ఫ్లాట్లో మంచం మామూలు మంచం కన్నా చిన్నదై ఉండొచ్చు. లోపలి తలుపులు కొన్ని అసలు బిగించరు. మిట్టమధ్యాహ్నం కూడా లైట్లన్నీ వెలుగుతుంటాయి. లైట్లు ఆపమనండి, మంచాన్ని టేపుతో కొలవండి. ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తారో, చీపురు, బకెట్ ఎక్కడ పెడతారో అడగండి. జవాబు రాకపోతే ఆ ఇంట్లో ఎలా బతకాలో ఎవరూ ఆలోచించలేదన్నమాట.

అపోహ: కిటికీలు పెద్దవైతే గాలీ వెలుతురూ వాటంతట అవే వస్తాయి

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

వెలుతురు గదిలోకి ఎంత లోపలిదాకా వస్తుందన్నది కిటికీ వెడల్పు కన్నా దాని పై అంచు ఎంత ఎత్తులో ఉందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ ఎత్తుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకు పగలు పని చేసుకునేంత వెలుగు ఉంటుందని మా వృత్తిలో లెక్క. పై అంచు 2.1 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 5 మీటర్ల దాకా అన్నమాట. హాలు 8 మీటర్ల లోతు ఉండి ఒక్క చివరే కిటికీ ఉంటే, రెండో చివర పగలు కూడా లైటు తప్పదు. కిటికీకి నాలుగడుగుల్లో పక్క భవనం గోడ ఉంటే ఈ లెక్క కూడా పనికిరాదు.

ఇక ఎండ. పడమటి కిటికీతో జాగ్రత్త. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి ఎదురుగా కొడతాడు కాబట్టి పైనున్న సన్‌షేడ్ ఆపలేదు. నిలువు పలకలో, బయట చెట్టో అడ్డం ఉండాలి. లోపల మందపాటి కర్టెన్ వేసుకుంటే చాలనుకుంటారు గానీ, ఎండ గాజు దాటి వచ్చిందంటే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు. సాయంత్రాలు ఆఫీసులో గడిపేవాళ్లకు పడమటి గది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. ఇంట్లోంచే పని చేసేవాళ్లకు, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంటికి అదే నరకం.

గాలి సంగతికొస్తే, అది లోపలికి రావడానికి దారి ఎంత అవసరమో పోవడానికీ అంతే అవసరం. ఒకే గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా, గది ఎత్తుకు రెండున్నర రెట్ల లోతు దాటి గాలి ఆడదు. ఎదురుగానో పక్క గోడకో ఇంకో కిటికీ ఉండాలి. భవనం మధ్యలో వదిలే ఇరుకు సందులోకి, అంటే షాఫ్ట్‌లోకి తెరుచుకునే కిటికీని నేనైతే కిటికీల లెక్కలో చేర్చను.

గాజు ఎక్కువైతే మరో తిప్పలు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో డాక్టర్ ఈడిత్ ఫార్న్స్‌వర్త్ సెలవు రోజుల్లో గడపడానికి ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో చేత కట్టించుకున్న ఇల్లు 1951లో పూర్తయింది. నాలుగు పక్కలా గాజు గోడలే. ఆర్కిటెక్చర్ చదివినవాళ్లం దాని ఫొటోలు చూసి మురిసిపోతాం. అందులో ఉండాల్సిన ఆవిడ మాత్రం, ఒక హ్యాంగర్ తగిలించాలన్నా బయటి నుంచి ఎలా కనిపిస్తుందో ఆలోచించాల్సి వస్తోందని వాపోయారు. బయటి దృశ్యం కావాలనుకునేవాళ్లు బయటివాళ్లకు తాము ఎంత కనిపించడానికి సిద్ధమో కూడా ఆలోచించుకోవాలి. రాత్రి లైటు వేసి, కిందికి వెళ్లి రోడ్డు మీంచి ఒకసారి చూడండి.

అపోహ: చప్పుడు కొన్నాళ్లకు అలవాటైపోతుంది

అందరికీ అవదు. నీల్ వైన్‌స్టైన్ అనే మనస్తత్వవేత్త కొత్తగా హైవే పడ్డ చోట నివసించేవాళ్లను కొన్ని నెలలకు ఒకసారి, ఏడాది దాటాక ఇంకోసారి పలకరించి 1982లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల చిరాకు తగ్గలేదు.

రోడ్డు నుంచి కాస్త వెనక్కి ఉన్న ఇల్లు తీసుకుంటే చాలన్నది ఇంకో భ్రమ. రద్దీ రోడ్డు నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా తగ్గేది దాదాపు 3 డెసిబెల్సే. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ దాకా తగ్గాలి. మధ్యలో అడ్డంగా ఓ భవనం ఉంటే మాత్రం తేడా బాగా తెలుస్తుంది. పడకగదులు రోడ్డుకు అవతలి వైపున ఉన్న ఇల్లు, రోడ్డు మీదే ఉన్నా నయం.

పై అంతస్తు అడుగుల చప్పుడు వేరే కథ. అది స్లాబ్ గుండా దిగుతుంది కాబట్టి మన సీలింగ్‌కు ఏదో అతికించినంత మాత్రాన పోదు. పైవాళ్ల నేల మీద మెత్తటి పరుపు లాంటిది పడాలి, అది మన చేతుల్లో లేదు. నిద్ర పలచగా పట్టేవాళ్లు అన్నిటికన్నా పైనున్న అంతస్తు చూసుకోవడం మేలు. పడకగది గోడకు అవతల లిఫ్టు ఉందేమో, మోటారు ఉందేమో ప్లాన్‌లో వెతకండి. రాత్రి పది తర్వాత ఒకసారి వెళ్లి పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

అపోహ: దూరమైతేనేం, ఇల్లు పెద్దదొస్తుంది కదా

స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రై జర్మనీ కుటుంబాల సమాచారం పరిశీలించి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. రోజూ ఎక్కువ దూరం తిరిగేవాళ్లకు మంచి ఇల్లో మంచి జీతమో దక్కుతుంది కాబట్టి మొత్తం మీద వాళ్లు మిగతావాళ్లంత తృప్తిగానే ఉండాలి. అలా కనిపించలేదు. ప్రయాణ సమయం పెరిగేకొద్దీ తృప్తి తగ్గింది. పెద్ద హాలు ఆర్నెల్లలో పాతబడుతుంది, ట్రాఫిక్ రోజూ కొత్తగా విసిగిస్తుందని నేనంటాను. నమ్మకపోతే ఇల్లు చూడటానికి ఆదివారం కాకుండా సోమవారం పొద్దున ఆఫీసు వేళకు వెళ్లి రండి.

అపోహ: కొత్త ఇంటికి మారితే మన అలవాట్లూ మారతాయి

సగం నిజం. పుస్తకాల గది ఉన్నంత మాత్రాన చదవనివాడు చదవడు, బాల్కనీలో కుండీలు పెట్టుకునే చోటున్నా మొక్కలంటే గిట్టనివాళ్లు నీళ్లు పోయరు. కానీ ఇప్పటికే చేయాలని ఉండి, బద్ధకం వల్ల ఆగిపోతున్న పనిని ఇల్లు తేలిక చేయగలదు. గేటు దాటగానే పార్కు ఉంటే నడక సాగుతుంది, కారెక్కి వెళ్లాల్సి వస్తే మూడో వారానికి ఆగిపోతుంది. కుట్టుమిషనుకు శాశ్వతంగా ఒక మూల దొరికితే కుట్టుపని సాగుతుంది. ఎలా బతకాలనుకుంటున్నారో రాసుకునేటప్పుడు, ఇప్పుడు కొద్దిగానైనా చేస్తున్న పనులకే చోటు వెతకమని చెబుతాను.

అపోహ: నచ్చనివి తర్వాత మార్చుకోవచ్చు

రంగులు, టైల్స్, అలమరలు, లైట్లు మార్చుకోవచ్చు. విచిత్రమేమిటంటే జనం ఎక్కువసేపు చూసేది వాటినే. పిల్లర్లు, బీములు, సీలింగ్ ఎత్తు, ఉమ్మడి భవనంలో బయటి కిటికీలు, దిక్కు, పక్కింటి గోడ, ఇవేవీ మారవు. టాయిలెట్ జరపడం కూడా అనుకున్నంత తేలిక కాదు. మురుగు పైపుకు వాలు కావాలి, నిలువు పైపు నుంచి దూరం పెరిగేకొద్దీ నేల ఎత్తు చేయాల్సి వస్తుంది.

అపోహ: ముందుచూపు అంటే రెండు గదులు ఎక్కువ తీసుకోవడం

రేపు ఇంట్లో ఎంతమంది ఉంటారో ఎవరం చెప్పగలం? గదులు ఎక్కువ కావడం కన్నా, ఇంచుమించు ఒకే కొలతలో ఉండటం అక్కరకొస్తుంది. ఒక పెద్ద బెడ్‌రూమ్, దాని పక్కన మంచం తప్ప ఇంకేమీ పట్టని గది ఉంటే, ఆ రెండోది ఎప్పటికీ దానికే పరిమితం. రెండూ మధ్యరకం అయితే ఇవాళ ఆఫీసు, రేపు పిల్లలకు, తర్వాత పెద్దవాళ్లకు.

వయసు మీద పడటం, కాలు విరగడం మాత్రం ఊహకందేవే. గుమ్మం ఉన్న అంతస్తులోనే ఒక పడకగది, బాత్‌రూమ్ ఉన్నాయా? తలుపు తెరిస్తే కనీసం 80 సెంటీమీటర్ల దారి వస్తుందా? వీల్‌చెయిర్ వాలుకు సాధారణంగా వాడే లెక్క 1:12, ఎత్తు ఒకటైతే పొడవు పన్నెండు. అంటే 15 సెంటీమీటర్ల చొప్పున మూడే మెట్లున్నా 5.4 మీటర్ల పొడవైన ర్యాంప్ కావాలి. ఇంటి ముందు అంత చోటుందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే టేపు పెట్టి కొలుచుకోండి.