నిద్రమాత్ర మానిన రాత్రి

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్‌లో వైన్ షాపులతో పాటు కల్లు కాంపౌండ్లూ మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరస కట్టారు. చేతులు వణికేవాళ్లు, లేనివి కనిపిస్తున్నాయనేవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు. కొందరు మందు దొరకనివాళ్లు, కొందరు కల్లు దొరకనివాళ్లు. కల్తీ కల్లులో ఎక్సైజ్ వాళ్లు తరచూ పట్టుకునేది ఆల్ప్రాజోలం. అలాంటి కల్లు తాగేవాళ్లు తమకు తెలియకుండానే రోజూ నిద్రమాత్ర మింగుతున్నట్టు లెక్క.

చిక్కడపల్లిలో ఉండే మా పెద్దమ్మకు కల్లు వాసనే పడదు. కానీ రాత్రి 'పాయింట్ ఫైవ్' (అర మిల్లీగ్రాము) గోలీ లేనిదే పడుకోదు. "పెదనాన్న పోయినప్పుడు పది రోజులు వేసుకోమనే రాశాడురా డాక్టరు" అంటుంది. పెదనాన్న పోయి ఎనిమిదేళ్లు. ఆ గోలీ కూడా ఆల్ప్రాజోలమే. ఈ పోలిక చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మెదడులో హడావిడిని తగ్గించే రసాయనం ఒకటుంది, పేరు గాబా. ఆల్ప్రాజోలం, డైజిపాం, జోల్పిడెం లాంటివన్నీ దాని పనికి బలం చేకూరుస్తాయి. మొదటి రాత్రుల్లో హాయిగానే ఉంటుంది. కానీ పనిమనిషి కుదిరాక ఇంట్లోవాళ్లు చీపురు ముట్టడం మానేస్తారే, మెదడూ అంతే. వారాలు గడిచేకొద్దీ గాబాకు స్పందించడం తగ్గించుకుంటుంది. పాత మోతాదు చాలదు. ఉన్నట్టుండి మాత్ర ఆపితే నిద్ర పట్టకపోవడం, గుండె దడ, విపరీతమైన టెన్షన్, ఒక్కోసారి ఫిట్స్. దీన్ని చూసి "నా నిద్రలేమి ఇంకా తగ్గలేదు" అనుకుని మళ్లీ మాత్ర వేసుకుంటారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

1903లో నిద్రమందుగా వచ్చిన బార్బిటాల్, దాని తర్వాతి బార్బిట్యురేట్లు మోతాదు మించితే ఊపిరి ఆపేసేవి. 1960లో క్లోర్‌డయజిపాక్సైడ్, 1963లో డైజిపాం వచ్చాక వైద్యులు ఊపిరి పీల్చుకున్నారు. వాటికంటే ఇవి క్షేమమే. కానీ మద్యంతోనో, మార్ఫిన్ జాతి నొప్పి మందులతోనో కలిస్తే ఇవీ ఊపిరిని మందగింపజేస్తాయి. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంకో విషయం, తెల్లారినా మందు ఒంట్లోంచి పూర్తిగా పోదు. డైజిపాంలో సగం పోవడానికే ఒకటి రెండు రోజులు, పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ. ఈ మత్తులో అర్ధరాత్రి బాత్రూంకు లేచి, పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లూ ఉన్నారు. జోల్పిడెం ఆడవాళ్ల ఒంట్లో మెల్లగా తగ్గుతుందని, పొద్దున డ్రైవింగ్ ప్రమాదకరమని 2013లో అమెరికా ఔషధ సంస్థ వాళ్ల మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది.

మన దేశంలో ఇవి షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ చూసి, పేషెంటు పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టర్లో ఎక్కించి, మూడేళ్లు దాచాలి. పాత స్ట్రిప్ చూపించి ఇంకోటి తెచ్చుకోవడం మనకు అలవాటే, ఇచ్చే షాపులూ ఉన్నాయి. రెండు నుంచి నాలుగు వారాలు దాటకుండా, తక్కువ మోతాదులో వాడినంతవరకే ఈ మాత్రలతో మేలు. ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లు సొంతంగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లమెల్లగా దిగాలి.

దీర్ఘకాలపు నిద్రలేమికి వైద్యులు ముందు సూచించేది మాత్ర కాదు, నిద్ర గురించిన ఆలోచనలు, అలవాట్లు మార్చే సీబీటీ-ఐ అనే శిక్షణ. రోజూ ఒకే వేళకు లేవాలి, నిద్ర రాకపోతే మంచం దిగాలి, మంచం మీద ఫోన్ చూడకూడదు. వినడానికి బామ్మ చిట్కాల్లా ఉంటుంది గానీ, దీని ఫలితం మాత్ర కంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

పెద్దమ్మ ఎట్టకేలకు ఒప్పుకుంది. డాక్టరు రెండు వారాలకోసారి పావు గోలీ తగ్గిస్తున్నారు. మొన్న రాత్రి రెండింటికి మెలకువ వస్తే లేచి కూర్చుని, కిలో చింతపండుకు గింజలు తీసిందట.