కూడికకు కోడి కూర అక్కరలేదు: ఆతిథ్యం గురించి అపోహలు, వాస్తవాలు

మొన్న కూడా అదే ఫోను. “అమ్మా, వచ్చే గురువారం మా ఇంట్లో కూడిక వద్దండి. ఈ నెల చేతిలో ఏమీ లేదు.” వరంగల్ శివనగర్ వైపు 16 ఏళ్లుగా గృహ కూడికలు, అంటే ఇళ్లలో జరిగే క్రైస్తవ ప్రార్థన సమావేశాలు, నడిపిస్తున్నాను. ఈ మాట విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. నలుగురు కూర్చుని ప్రార్థన చేసుకోవడానికి చేతిలో ఏముండాలి?

అపోహ: కూడిక పెడితే వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టాలి. పాస్టరుగారు వస్తే కోడి కోయాల్సిందే.

వాస్తవం: బైబిలు వాక్యంలో ఎక్కడా అలా లేదు. ఉన్నదల్లా దానికి ఎదురు. యేసు డెబ్బదిమందిని ఊళ్లకు పంపినప్పుడు నియమం పెట్టింది అతిథికి, ఇంటివాళ్లకు కాదు. వాళ్లు పెట్టింది తినండి, ఇల్లిల్లూ మారకండి అన్నాడు. లూకా 10వ అధ్యాయం తీసి చూడండి. అదే అధ్యాయం చివర యేసును తన ఇంట చేర్చుకున్న మార్త ఉంది. పనుల తొందరలో పడిన ఆమెతో ప్రభువు ‘అవసరమైనది ఒక్కటే’ అన్న మాట మనలో చాలామందికి కంఠతా వచ్చు. అయినా కూడిక రోజున మన అక్కచెల్లెళ్లు వంటింట్లోనే ఉండిపోతారు, వాక్యం ముందుగదిలో అయిపోతుంది.

“అబ్రాహాము అతిథుల కోసం దూడను కోయించలేదా?” అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. కోయించాడు. ఆయనకు మందలున్నాయి. తనకున్న దానిలోంచి పెట్టాడు, అప్పు తెచ్చి పెట్టలేదు. సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది పట్టెడు పిండి, కొంచెం నూనె. ప్రవక్త ఏలీయా ఆమెను అడిగింది ఒక చిన్న రొట్టె. ఆది సంఘం నాటి ‘డిడాకే’ అనే చిన్న గ్రంథమైతే ఇంకా కటువుగా చెబుతుంది: ఊరికి వచ్చిన బోధకుడు ఒక రోజు, అవసరమైతే రెండో రోజు ఉండవచ్చు. మూడు రోజులు తిష్ఠ వేసినా, వెళ్తూ డబ్బు అడిగినా వాడు అబద్ధ ప్రవక్త.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొత్తలో ఒక చెల్లెలి ఇంట్లో కూడిక పెట్టాం. ఎనుమాముల మార్కెట్‌లో మిరపకాయల తొడిమలు తీసే కూలి ఆమెది. ముప్పై మందికి బగారా అన్నం, కోడి కూర పెట్టింది. నేనూ తృప్తిగా తిన్నాను. ఆమె వంగి వడ్డిస్తుంటే కాళ్లు కనిపించాయి. పట్టీలు ఉండే చోట చర్మం మీద పాలిపోయిన గీత, ఇంకా ఎండ తగలనిది. చూశాను, అడగలేదు. పట్టీలు నూటికి మూడు రూపాయల వడ్డీకి కుదువపెట్టిందని నెలల తర్వాత తెలిసింది. అవి మళ్లీ ఇంటికి రాలేదు. తన వంతు మళ్లీ వస్తుందన్న భయంతో ఆమె ఏడాదికి పైగా చర్చి మెట్లు ఎక్కలేదు. ఆ తర్వాతే మా కూడికల్లో టీ, మహా అయితే ఒక సర్వపిండి ముక్క అని కట్టడి పెట్టాం. అదీ లేకపోతే మంచినీళ్లు.

కూడిక వాయిదా వేస్తే ఇంటికి శాపం తగులుతుందని వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. అది శుద్ధ అబద్ధం. వస్తే తీసేయండి, ఇంకొకరికి పంపకండి.

కూడికలో తింటే మతం మారినట్టేనా? కాదు. మా పక్కింటి అత్తమ్మ బతుకమ్మ ఆడి వచ్చి మా వరండాలోనే టీ తాగుతుంది. బాప్తిస్మం ఎవరికి వారు తెలిసి తీసుకునే నిర్ణయం. బల్ల (ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) వేరు, ప్రేమవిందు (అందరూ కలిసి తినడం) వేరు. బల్ల తీసుకోనివాళ్లు కూడా విందుకు కూర్చోవచ్చు.

ఇంకొకటి: సందేహం అడిగితే విశ్వాసం లేనట్టే అన్న మాట. డిగ్రీ చదివే ఒక అబ్బాయి, తల్లి పోయిన నెలకు కూడికలో అడిగాడు, “ఇంతమంది ప్రార్థించారు కదా, అమ్మ ఎందుకు పోయింది?” ఎవరో “విశ్వాసం తక్కువైంది” అన్నారు. అతను లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. నా దగ్గర జవాబు లేదు, అదే చెప్పాను. అతను మాట్లాడాడు, నేను విన్నాను. ఎమ్మాయు ఊరి దారిలో ఇద్దరు శిష్యులను కలిసిన ప్రభువు కూడా ముందు ‘మీరేం మాట్లాడుకుంటున్నారు’ అనే అడిగాడు, వాళ్లు చెప్పుకున్నదంతా విన్నాకే నోరు విప్పాడు. శిష్యుడైన తోమా, యేసు తిరిగి లేచాడంటే నమ్మనని తెగేసి చెప్పిన ఎనిమిది రోజులకు కూడా మిగతా శిష్యులతోనే ఉన్నాడు. ఎవరూ బయటికి పంపలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు వస్తాడు. ప్రార్థన చేయడు, గుమ్మం దగ్గర కూర్చుంటాడు. కూడిక అయ్యాక చాపలు చుట్టేది అతనే.

ఫోను చేసిన చెల్లెలికి ఇదే చెప్పాను: గురువారం సాయంత్రం ఏడింటికి మీ ఇంటికే వస్తున్నాం. పొయ్యి వెలిగించవద్దు. చాపలు ఆ అబ్బాయి తెస్తాడు.